షుగర్ నార్మలే, ఇంకేం కావాలి?

మొన్న ఆఫీసు వాళ్ళు చేయించిన హెల్త్ చెకప్‌లో నాకు పరగడుపు షుగర్ 94 వచ్చింది. నార్మల్! ఆ కాయితం పట్టుకుని నాన్నకి ఫోన్ చేసి గొప్పలు పోయాను.

"నాకూ నలభై దాటేదాకా అంతేరా" అన్నారాయన తాపీగా. ఆయనకి 44వ ఏట బయటపడింది. నాకిప్పుడు 38.

ఆ మాట బుర్రలోంచి పోలేదు. డాక్టర్ గారిని బతిమాలి ఇన్సులిన్ కూడా పరీక్ష చేయించుకున్నాను. 18 వచ్చింది. 1985లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ఇచ్చిన 'హోమా' లెక్క ఒకటుంది. పరగడుపు షుగర్‌ని ఇన్సులిన్‌తో గుణించి 405తో భాగించాలి. ఒకటికి దగ్గరగా ఉంటే మంచిది. నాది 4.2!

మన భాషలో చెప్పాలంటే, సర్వర్ రెస్పాన్స్ టైమ్ బ్రహ్మాండం, సీపీయూ మాత్రం 95 శాతం మీద నడుస్తోంది. కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట సరిగ్గా వినవు. దాంతో క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదిలి షుగర్‌ని అదుపులో ఉంచుతుంది. మనం చూసేది రెస్పాన్స్ టైమ్ ఒక్కటే. అది పెరిగేసరికి క్లోమం బాగా అలిసిపోయి ఉంటుంది.

ఇది నా ఊహ కాదు. అమెరికాలోని జోస్లిన్ సెంటర్ వాళ్ళు, తల్లీతండ్రీ ఇద్దరికీ టైప్ 2 ఉన్న 155 మంది సంతానాన్ని ఏళ్ళ తరబడి గమనించి 1990లో ప్రచురించారు. మొదట్లో అందరి షుగరూ నార్మలే. కానీ తర్వాత జబ్బు పడ్డవాళ్ళలో, పదేళ్ళకి పైగా ముందే ఇన్సులిన్ ఎక్కువగా ఉంది.

"నేను సన్నగానే ఉన్నాగా" అంటారా? 2004లో పుణే డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ తమ ఫోటోనే లాన్సెట్‌లో వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, మనవాడికి 21.2.

అందరూ ఇన్సులిన్ పరీక్షకి పరిగెత్తక్కర్లేదు. ల్యాబుని బట్టి ఆ అంకె మారుతుందని, దాన్ని బట్టి జబ్బు తేల్చరని డాక్టర్ గారు నాకు చివాట్లు కూడా పెట్టారు. "మీ నాన్నకి ఉందిగా, నడవడానికి ఆ కారణం చాలదా?" అన్నారు. 2002 నాటి అమెరికా ప్రయోగంలో, షుగర్ అంచు మీదున్నవాళ్ళు 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకుంటే జబ్బు ముప్పు 58 శాతం తగ్గింది.

నేను నడక మొదలెట్టాను. ఇదంతా తమ్ముడికి చెప్తే, "నాది 91 అన్నయ్యా, నీకంటే తక్కువే" అని నవ్వి ఫోన్ పెట్టేశాడు.