పళ్ళిపట్టు ఇల్లు అమ్మేటప్పుడు తెలిసిన సంగతులు

మా తాత కట్టిన పళ్ళిపట్టు ఇంటిని ఈమధ్యనే అమ్మాము. ధర, బ్రోకరు, సున్నాలు వేయించడం గురించి ఎవరైనా చెప్తారు. మన వైపు వాళ్ళకు వేరే చిక్కులు కొన్ని ఉన్నాయి. వాటిని ముందుగా చెప్పేవాళ్ళు లేరు. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను.

తాత ఆ స్థలం కొన్నది 1951లో. అప్పుడది మద్రాసు రాష్ట్రం, చిత్తూరు జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. పటాస్కర్ సిఫార్సుల మీద సరిహద్దులు మార్చినప్పుడు, 1960 ఏప్రిల్ 1న, తిరుత్తణితో పాటు పళ్ళిపట్టు కూడా మద్రాసు రాష్ట్రంలో కలిసి చెంగల్పట్టు జిల్లాలో చేరింది. 1969లో రాష్ట్రం తమిళనాడు అయింది, 1997లో జిల్లా తిరువళ్ళూరు అయింది. ఇల్లు మాత్రం అంగుళం కదల్లేదు. కాగితాల సంగతి వేరు. మూల దస్తావేజు తెలుగులో, పట్టా తమిళంలో, పన్ను రసీదులు కొన్ని అందులో కొన్ని ఇందులో.

కొనేవాళ్ళ వకీలుగారికి తెలుగు రాదు. మేము చదువుకున్నది తమిళ మీడియంలో. అచ్చు తెలుగు కూడబలుక్కుని చదువుతాం గానీ ఆ గొలుసుకట్టు రాత మాకు అంతుపట్టలేదు. చివరికి నగరిలో ఉన్న మా చిన్నత్తను పిలిపించాం. ఆమెకు 82 ఏళ్ళు. కళ్ళజోడు తుడుచుకుని గడగడా చదివేసింది. అంకణాల్లో కొలత, నాలుగు దిక్కుల చెక్కుబంది, ఆ కింద ఒక వాక్యం: పెరట్లో బావికి పక్కింటివాళ్ళకు నడక దారి ఉంది.

పట్టాలో ఆ దారి ఊసే లేదు. కొనేవాళ్ళేమో చుట్టూ గోడ కట్టాలనుకుంటున్నారు. "చెప్పకుండా అమ్మితే వాళ్ళ ఉసురు తగుల్తుంది పాపా" అంది అత్త. చట్టం కూడా అదే అంటుంది. తెలిసిన లోపాన్ని అమ్మేవాళ్ళు దాచకూడదు. ఇంకొకటి, 20 ఏళ్ళు హక్కుగా, అడ్డూ ఆపూ లేకుండా నడిచిన దారికి కాగితం లేకపోయినా హక్కు ఏర్పడుతుంది. దారిని కొత్త దస్తావేజులో రాయించాం. ధర కొంచెం తగ్గింది.

అంకణంతో కూడా జాగ్రత్త. ఒకచోట 36 చదరపు అడుగులంటారు, ఇంకోచోట 72. నేల మీద కొలిపించాకే మాట ఇవ్వండి.

రెండోది, ఆడపడుచుల వాటా. తాత 1974లో వీలునామా రాయకుండా పోయారు. అది ఆయన సొంత సంపాదన కాబట్టి 1956 వారసత్వ చట్టం ప్రకారం జేజికి, ఇద్దరు కొడుకులకు, ఇద్దరు కూతుళ్ళకు సమానంగా వచ్చింది. అయితే అన్నదమ్ములు కాపురముండే ఇంటిని పంచమని అడిగే హక్కు మాత్రం ఆడవాళ్ళకు లేదు. ఆ అడ్డు తొలగింది 2005 సెప్టెంబరు 9న. పెద్దత్త ఇప్పుడు లేదు. ఆమె పిల్లలూ వారసులే. "అత్తలు అడగలేదు కదా, విడుదల పత్రం రాయించుకుంటే పోతుంది" అన్నాడు మా చిన్నాన్న. చిన్నత్త తల వంచుకుని కూర్చుంది. అడగకపోవడం, వద్దనడం ఒకటి కాదని నేనన్నాను. ఇంట్లో రెండు వారాలు మాటల్లేవు. ఆఖరికి నాలుగు వాటాలు వేశాం. పెద్దత్త వాటా ఆమె పిల్లలకు పోయింది.

అమెరికాలో ఉన్న వారసుడు పవరాఫ్ అటార్నీ పంపితే, ముందు అక్కడి మన కాన్సులేట్‌లో ధృవీకరించాలి. ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టాలి. పన్నుకు 1951 నాటి ధర వెతకనక్కర్లేదు. 2001 ఏప్రిల్ 1 నాటి విలువను రిజిస్టర్డ్ వాల్యూయర్ చేత రాయించుకోవచ్చు. విదేశంలో ఉండేవాళ్ళ వాటాకు కొనేవాళ్ళు పన్ను పట్టుకునే డబ్బిస్తారు. ఆ లెక్క ముందే ఆడిటర్‌తో మాట్లాడుకోండి.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఇల్లు మొత్తం అమ్మి డబ్బు తీసుకున్నాక మూల దస్తావేజులు కొన్నవాళ్ళకే చెందుతాయి. తాత సంతకమున్న ఆ తెలుగు కాగితం ఇప్పుడు మా దగ్గర లేదు. ఇచ్చేముందు ప్రతి పేజీ స్కాన్ చేయించి, అత్త చదువుతుంటే ఫోన్‌లో రికార్డు చేసుకున్నాం.

రిజిస్ట్రేషన్ రోజు తమిళంలో రాసిన దస్తావేజు మీద అత్త తెలుగులోనే సంతకం పెట్టింది. మీ ఇంట్లో పాత కాగితాలుంటే, అమ్మినా అమ్మకపోయినా, చదవగలిగిన పెద్దవాళ్ళు ఉండగానే ఒకసారి పైకి చదివించుకోండి.