తెర మీద చరిత్ర

మెదక్ పట్టణంలో సాయంకాలమైతే చర్చి గోపురం నీడ తూర్పు దిక్కుగా సాగుతుంది. అటువంటి ఒక సాయంకాలం, ఆ నీడకు కొద్ది దూరంలోని ఒక ఇంట్లో ఇంటర్మీడియట్ చదువుతున్న మనుమరాలు, ఆమె నాయనమ్మ టీవీ ముందు కూర్చున్నారు. తెర మీద అమెరికా చరిత్రను తెలిపే కార్యక్రమం వస్తున్నది. ఆఫ్రికా నుండి తెచ్చిన మనుషులను సంతలో పశువులవలె వేలం వేస్తున్న దృశ్యం అది. చాలాసేపు మౌనంగా చూసిన ముసలామె ఒక్క మాట అడిగింది.

"గీళ్ల తాతముత్తాతల పేర్లు గీళ్లకెట్ల తెలిసినయి బిడ్డా?"

"ఎవరో అడిగి రాసుకున్నరు, నాయనమ్మా."

"మా తాత గీ చర్చి కట్టంగ రాళ్లు మోసిండు. ఆయన పేరు ఎవలన్న రాసిండ్రా?"

మనుమరాలి వద్ద సమాధానం లేదు. ఆ ప్రశ్న చిన్నదే కాని, దాని వెనుక చరిత్ర రచనకు సంబంధించిన పెద్ద సమస్య ఉన్నది.

మెదక్ ప్రాంతానికి, అమెరికాకు టెలివిజన్ ద్వారా కలిగిన సంబంధం ఈనాటిది కాదు. విక్రమ్ సారాభాయ్ సంకల్పబలంతో 1969లో భారతదేశానికి, అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు ఒక ఒప్పందం కుదిరింది. దాని ఫలితంగా 1975 ఆగస్టు 1 నుండి ఒక సంవత్సరంపాటు ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం మన దేశంలోని ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలను అందించింది. 'సైట్' అని పేరుపొందిన ఆ ప్రయోగంలో మెదక్ జిల్లా పల్లెలు కూడ ఉన్నవి. ఉదయం పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం గురించిన విషయాలు. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రారంభమైంది. అంటే రాజధాని నగరం కంటె ముందే ఈ పల్లెలు తెరను చూసినవి!

అదే 1977వ సంవత్సరం జనవరిలో అమెరికాలో ఒక అద్భుతం జరిగింది. అలెక్స్ హేలీ రచించిన 'రూట్స్' ఆధారంగా తీసిన ధారావాహిక వరుసగా ఎనిమిది రాత్రులు ప్రసారమైంది. గాంబియా దేశంలోని జుఫురే గ్రామం నుండి కుంటా కింటే అనే యువకుడిని అపహరించి, ఓడలో గొలుసులతో బంధించి, అమెరికాకు తరలించి అమ్మివేయడం, అతని సంతానం తరతరాలుగా అనుభవించిన యాతన అందులోని ఇతివృత్తం. చివరి భాగాన్ని సుమారు 10 కోట్లమంది చూశారని అంచనా. అంతకు పూర్వం 1939లో వచ్చిన 'గాన్ విత్ ద విండ్' వంటి చలనచిత్రాలు బానిసలను యజమానుల నీడలో సంతృప్తిగా బ్రతికినవారిగా చూపించినవి. యజమాని వరండాలో నుంచి కనబడిన చరిత్ర వేరు. బానిస గుడిసెలో నుంచి కనబడిన చరిత్ర వేరు. ఆ రెండవ చరిత్రను కోట్లాది ప్రజల ఇండ్లలోకి తెచ్చిన ఘనత ఆ ధారావాహికది.

ఆ గ్రంథాన్ని సహవాసి 'ఏడు తరాలు' పేరుతో తెలుగులోకి తెచ్చారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించిన ఆ పుస్తకాన్ని తెలుగు పాఠకులు తమ కథగానే చదువుకున్నారు. వెట్టిచాకిరిని ఎరిగిన తెలంగాణ నేలకు కుంటా కింటే పరాయివాడుగా తోచలేదు.

తరువాతి కాలంలో ఇటువంటి కార్యక్రమాలు మరికొన్ని వచ్చినవి. 1990లో కెన్ బర్న్స్ అమెరికా అంతర్యుద్ధాన్ని గురించి తొమ్మిది భాగాల చిత్రాన్ని నిర్మించాడు. 1861 నుండి 1865 వరకు జరిగిన ఆ యుద్ధంనాటికి చలనచిత్రం పుట్టనే లేదు. అందువల్ల ఆయన పాత ఛాయాచిత్రాలను, సైనికులు ఇంటికి రాసిన ఉత్తరాలను ఆశ్రయించాడు. ఒక సామాన్య సైనికుడు భార్యకు రాసుకున్న ఉత్తరం, సేనాధిపతి ఆజ్ఞాపత్రం కంటె విలువైన చరిత్ర కాగలదని ఆ చిత్రం నిరూపించింది. నల్లజాతివారి పౌరహక్కుల ఉద్యమాన్ని చిత్రించిన 'ఐస్ ఆన్ ద ప్రైజ్' 1987లో వెలువడింది. అందులో వాడిన పాత దృశ్యాల హక్కుల గడువు తీరిపోవడంతో దశాబ్దానికి పైగా అది తిరిగి ప్రసారం కాలేదు. 2006లో మాత్రమే మళ్లీ ప్రజల ముందుకు వచ్చింది. చరిత్రను రికార్డు చేయడమే కాదు, దానిని కాపాడుకోవడం కూడ కష్టమేనని ఇది తెలుపుతుంది.

మన దేశం కూడ ఈ విషయంలో వెనుకబడలేదు. సికిందరాబాదు సమీపంలోని తిరుమలగిరిలో జన్మించిన శ్యామ్ బెనెగల్ 1988లో దూరదర్శన్ కోసం 'భారత్ ఏక్ ఖోజ్' నిర్మించారు. నెహ్రూ అహ్మద్‌నగర్ కోట నిర్బంధంలో రాసిన గ్రంథానికి అది 53 భాగాల దృశ్యరూపం. నిజానికి తెర మీద కథ చెప్పడం మనకు కొత్త కాదు. చేర్యాల చిత్రకారులు గీసిన పటాలను విప్పి, ఒక్కొక్క బొమ్మను చూపుతూ కులపురాణాలను గానం చేసిన కథకులు తెలంగాణ పల్లెలలో తరతరాలుగా ఉన్నారు. ఆ పటమే ఆనాటి టెలివిజన్!

ఇక నాయనమ్మ ప్రశ్నకు వద్దాం. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మతప్రచారకుని ఆధ్వర్యంలో మెదక్ చర్చి నిర్మాణం 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. గోపురం ఎత్తు 175 అడుగులు. కరువుకాలంలో ఆకలితో అలమటించిన ప్రజలకు పని, తిండి కల్పించడానికి ఈ నిర్మాణం తోడ్పడిందని ప్రతీతి. 'మెతుకు' అనే మాట నుండే మెదక్ పేరు వచ్చిందని చెబుతారు. మెతుకు కోసం రాళ్లు మోసిన చేతులు ఎన్నో! పోస్నెట్ పేరు పుస్తకాలలో ఉన్నది. ఆ చేతుల పేర్లు మాత్రం మనుమల, మునిమనుమల జ్ఞాపకాలలోనే మిగిలినవి. ఆ జ్ఞాపకాలు ఆరిపోతే వారు రెండవసారి మరణించినట్లే.

అయితే జ్ఞాపకం చెప్పినదంతా సత్యమని భావించరాదు. హేలీ చెప్పిన వంశవృక్షంలోని పలు వివరాలను తరువాతి పరిశోధకులు ప్రశ్నించారు. దానితో బానిసత్వం అబద్ధమైపోలేదు. విన్నదానిని దస్తావేజులతో, శాసనాలతో సరిచూసుకోవాలన్న పాఠం మాత్రం మిగిలింది. తెర ఆసక్తిని కలిగిస్తుంది. నిజాన్ని నిగ్గు తేల్చవలసినది చూసేవారి వివేకమే.

ఆ రాత్రి మనుమరాలు టీవీ కట్టివేసింది. ఒక కొత్త నోటుపుస్తకం తెచ్చి నాయనమ్మ పక్కన కూర్చున్నది.

"నీ తాత పేరేంది నాయనమ్మా?"

ముసలామె చెప్పింది. ఆ పేరు తొలిసారిగా కాగితం మీదికి ఎక్కింది. దాని కింద తేదీ, చెప్పినవారి పేరు, ఊరు కూడ ఆ అమ్మాయి రాసుకున్నది. చరిత్ర రచన అంటే అదే. అందుకు కెమెరా అవసరం లేదు. అడగాలనే మనసు, వినే ఓపిక ఉంటే చాలు. ప్రతి ఇంటిలోను అడగవలసినవారు ఉన్నారు. అయితే వారు ఎల్లకాలం ఉండరు.