రాయకముందే కొట్టివేత

తెలుగు పండితుడిగా వేలకొలది జవాబు పత్రాలు దిద్దాను. ఒకసారి ఒక బాలుడు సంధిని నేను చెప్పని తీరున విడదీస్తే సున్న చుట్టాను. వాడు పత్రం పట్టుకొచ్చి వాదించాడు. చూస్తే వాడిదే ఒప్పు! వాడు రాశాడు గనుకనే నా తప్పు బయటపడింది.

మొన్న మా కారంపూడిలో విశ్రాంత ఉపాధ్యాయులం కొందరం ఆదాయపు పన్ను సంగతులు ముచ్చటించుకుంటుంటే ఆ బాలుడు గుర్తుకొచ్చాడు.

2023-24 సంవత్సరంలో మొత్తం ఆదాయం ఏడు లక్షలు మించనివారికి, కొత్త పన్ను విధానంలో, 87ఎ సెక్షను కింద 25,000 రూపాయల దాకా రాయితీ ఉండేది. వాటాలమ్మగా వచ్చిన స్వల్పకాలిక లాభంపై పన్నుకు సైతం ఆ రాయితీని లెక్కగట్టిన పన్ను శాఖ సాఫ్ట్‌వేరు, 2024 జూలై 5న మారి, నిరాకరించసాగింది. చట్టంలో ఒక్క అక్షరమూ మారలేదు. రాయితీ కోరుకుందామన్నా ఆ గడి నిండదు. కొద్ది వేల రూపాయల కోసం సామాన్యుడు న్యాయస్థానం దాకా పోగలడా? కట్టి ఊరుకుంటాడు.

పన్ను సలహాదారుల సంఘం ఒకటి పూనుకొని బొంబాయి హైకోర్టుకు వెళ్ళింది. రాయితీ చెల్లునో చెల్లదో విచారించి తేల్చవలసినదే గాని, అడిగే దారినే సాఫ్ట్‌వేరు మూసివేయరాదని 2025 జనవరి 24న తీర్పు వచ్చింది. ఆపై 2025 ఆర్థిక చట్టం, ఇకముందు అటువంటి లాభాలకు ఈ రాయితీ వర్తించదని స్పష్టంగా రాసుకున్నది. అది శాసనకర్తల అధికారం, కాదనను.

తప్పు జవాబును కొట్టివేయవచ్చు. పిల్లవాడి చేతిలో కలం మాత్రం లాక్కోకూడదు.