సెలవులకు కోనసీమ వెళ్తున్నారా?

సెలవుల్లో కొబ్బరితోట నడుమ పెంకుటింట్లో నాలుగు రోజులు గడపాలని కోనసీమకు వచ్చే కుటుంబాలు కొన్ని ఉన్నాయి. దిండి వైపు రిసార్టులున్నాయి. తాతగారి ఇల్లు ఉన్నవారికి అదీ అక్కరలేదు. మరి అక్కడ ఏమి చేయాలి?

ఎండ ముదరకముందే పిల్లలతో కాలువగట్టున నడవండి. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేయించాకనే ఈ సీమ పచ్చబడిందని చెప్పండి. పి.గన్నవరంలో వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించిన అక్విడెక్టు చూపించండి. ఆత్రేయపురంలో బోర్లించిన వేడి కుండపై, బియ్యపు పిండి జారులో ముంచిన గుడ్డను ఒక్కసారి పరచి తీస్తే పూతరేకు వస్తుంది. అది కళ్లారా చూడవలసిందే. సాయంత్రం అంతర్వేదిలో వసిష్ఠ సముద్రంలో కలిసేచోటు చూడండి.

ఒక హెచ్చరిక. గోదావరి పైకి నిమ్మళంగా కనబడినా అడుగున గోతులు, సుడులు ఉంటాయి. ఊరివారిని అడగకుండా బిడ్డలను నీటిలోకి దించకండి. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్టు తప్పక వేయించండి. సరదాకు వచ్చిన ఇంట ఏడుపు మిగలకూడదు.

రాత్రి టీవీ కట్టేసి పెద్దల దగ్గర కూర్చోండి. 1996 నవంబరు 6 తుఫాను రాత్రి సంగతి అడగండి. తోటలు ఎలా కూలాయో, మళ్ళీ మొక్క నాటి కాపుకు ఎన్నేళ్లు కాచుకున్నారో చెబుతారు. బిడ్డలు దూరదేశాల్లో ఉంటే ఏడాదంతా బోసిపోయే ఆ అరుగుకు మీ నాలుగు రోజులే పండుగ.