డికేటరు ఊరి తెల్లని సాసు

అమెరికా దక్షిణ రాష్ట్రములలో బార్బెక్యూ అనినంతనే జనుల కన్నులకు గట్టునది ఎఱ్ఱని సాసు. టొమాటోయు, చెఱకుపాకమును, మిరపయు చేర్చి కాచిన ఆ చిక్కని రసమును పొగలో వండిన మాంసమునకు పూయుట అచ్చటి పెక్కు ప్రాంతముల ఆచారము. అలబామా రాష్ట్రపు ఉత్తరభాగము మాత్రము దారి వేఱుచేసికొన్నది. అచ్చట కోడిమాంసమునకు తగులునది తెల్లని సాసు. చూపునకు మన చిక్కని మజ్జిగయే. పెరుగనుకొని నోటబెట్టిన క్రొత్తవారు దాని పులుపునకును, మిరియపు ఘాటునకును ఉలికిపడుదురు.

దీని పుట్టినిల్లు టెనెసీ నది యొడ్డునగల డికేటరు పట్టణము. 1936లో పూర్తియైన వీలరు ఆనకట్ట వలన నది యచ్చట సరస్సువలె వెడల్పైనది. శీతకాలమున ఊరి చెంతనున్న పక్షిరక్షణ ప్రదేశమున బెగ్గురు పక్షులు వేలకొలదిగ వ్రాలును. తూర్పున పాతిక మైళ్ళ దూరములో హంట్స్‌విల్ నగరమున్నది. 1960లో ఆకాశనౌకల పరిశోధనాకేంద్రము నెలకొనిన పిదప అచ్చట కాపురముండవచ్చిన దేశదేశముల వారిలో మన తెలుగువారును గలరు.

రాబర్టు గిబ్సను డికేటరులో రైలు కంపెనీ యుద్యోగి. మనిషి భారీకాయుడగుటచే ‘బిగ్ బాబ్’ అని పిలిచెడివారు. 1925లో ఆయన తన పెరటిలో గుంట త్రవ్వి, సెలవుదినములందు ఇరుగుపొరుగువారికి వండిపెట్ట నారంభించెను. ఆయన పేరిటి భోజనశాల నేటికిని ఆ యూరనే యున్నది. కోడిని రెండు చెక్కలుగ చీల్చి, హికరీ కట్టెల పొగలో సుమారు మూడు గంటలు కాల్తురు. కోడిలో క్రొవ్వు తక్కువ. అంతసేపు సెగ తగిలిన రొమ్ముమాంసము పీచువలె ఎండును. అందుచేత పొయ్యినుండి తీసిన కోడిని తీసినట్లే తెల్లని సాసు తొట్టిలో ముంచెదరు. సాసులోని నూనె మాంసముపై పొరగట్టి తడిని నిలుపును. వెనిగరు పొగవాసన మొగము మొత్తకుండ చేయును. కనుక ఈ తెలుపు ముచ్చటకై వచ్చినది కాదు, అక్కఱకై వచ్చినది. ఎఱ్ఱసాసునకు ఈ పని చేతగాదని నా యభిప్రాయము.

గిబ్సను పేరు నిలిచినది గాని, ఆ సీమలో గుంటపొయ్యి విద్యను తరతరములుగ మోసిన చేతులలో పెక్కు నల్లజాతివారివి. బానిసత్వపు దినములలో దొరల విందులకు రాత్రియెల్ల మేల్కొని నిప్పు కాచినవారు వారే. 1964 శాసనము వచ్చువఱకు దక్షిణాదిలో అనేక భోజనశాలలు వారిని సరసన కూర్చుండనీయలేదు. ఆ వంటగాండ్ర పేళ్ళు చాలవఱకు ఎచ్చటను వ్రాయబడలేదు. ఆ రుచిని మెచ్చుకొనునప్పుడు ఈ మాటను మఱచుట న్యాయము కాదు.

ఇక సాసు సంగతి. దీనికి మూలము మయొనేజ్, అనగా గుడ్డు పచ్చసొనలో నూనెను చిలికిన ముద్ద. 1917లో దక్షిణ కెరొలైనాలోని గ్రీన్‌విల్‌లో యూజీనియా డ్యూక్ అను గృహిణి, దీనిని పూసిన సాండ్విచ్‌లను సైనికుల కమ్మి, పిమ్మట మయొనేజ్‌నే సీసాల కెత్తి వ్యాపారము నడపినది. 1929లో దానిని ఒక పెద్ద కంపెనీ కొన్నది. వంటింటి గరిటెతో నింత సాధించిన ఆమెను మన సోదరీమణులు ఎఱుగవలెను.

ఒక పచ్చసొనలో అరచెంచా ఆవపిండి, చెంచా నిమ్మరసము, చిటికెడు ఉప్పు వేసి చిలుకుచు, వాసనలేని నూనె ముప్పాతిక కప్పు, మొదట చుక్కచుక్కగను పిదప సన్నని ధారగను పోయవలెను. సొనలోని లెసితిన్ నూనెబిందువులను చుట్టి విడదీసి నిలుపును. తొందరపడి పోసితిరా, విఱిగిపోవును. ముద్దగట్టిన పిమ్మట పావుకప్పు నుండి మూడవవంతు కప్పు వఱకు వెనిగరు, చెంచా మిరియపుపొడి, కొలదిగ చక్కెర, మిరపపొడి కలిపిన చాలును. వారు వేయు హార్స్‌రాడిష్ దుంపకు బదులుగ ఆవపిండి కొంచెము హెచ్చింపుడు. రెండింటి ఘాటునకు కారణము ఒకే పదార్థము.

పచ్చిగుడ్డులో సాల్మొనెల్లా యను సూక్ష్మజీవి యుండవచ్చును. గర్భిణులు, పసిబిడ్డలు, వృద్ధులు గల యింట పాశ్చరైజు చేసిన గుడ్డుగాని, అంగడి మయొనేజ్‌గాని వాడుట క్షేమము. శాకాహారులు గుడ్డులేని మయొనేజ్‌తో చేసికొని, కాల్చిన ఆలుగడ్డకును కాలీఫ్లవరునకును పూయవచ్చును.

సాసును పొయ్యిమీద నుండగ పూయరాదు. సెగకు విఱిగి నూనె తేలును. దింపిన పిమ్మటనే ముంచవలెను. వడ్డించుటకు కొంత ముందే వేఱుగ తీసి చల్లనిపెట్టెలో నుంచుడు. కోడిని ముంచిన గిన్నెలో మిగిలినదానిని మాత్రము దాచక పాఱబోయుడు.