జంక్షన్ ఊరి ఎండ

పిల్లలూ! జంక్షన్ అనగానే మనకు రైళ్ళు గుర్తుకు వస్తాయి. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో జంక్షన్ అనే చిన్న ఊరున్నది. అక్కడ కలిసేవి ల్యానో నది రెండు పాయలు. అందుకే ఆ పేరు.

1954 సెప్టెంబరులో టెక్సాస్ ఎ అండ్ ఎమ్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు సాధనకోసం ఆ ఊరు వచ్చింది. వారి ఫుట్‌బాల్ వేరు; కొసలు సన్నగా ఉన్న బంతిని చేతబట్టి పరుగెత్తుతారు. శిక్షకుడు బ్రయంట్ మహా కఠినుడు. అది కరువుకాలం, నేల రాయిలా ఉన్నది, ఎండ మండుతున్నది. అయినా సాధన మధ్య గుక్కెడు నీళ్ళివ్వలేదు. నీళ్ళు తాగితే మెత్తబడతారని ఆనాటి నమ్మకం! ఒక కుర్రవాడు వడదెబ్బకు కుప్పకూలి, చావు తప్పి బతికాడు. పదిరోజులలో సగంమందికి పైగా వెళ్ళిపోయారు.

ఆ ఏడు జట్టు పది ఆటలలో ఒక్కటే గెలిచింది. 1956లో మాత్రం ఒక్కటీ ఓడలేదు. అయితే దాహం గెలిపించిందా? కాదు. ఒంటిని చల్లబరిచేది చెమట. చెమటకు నీరు కావాలి. నీరు తగ్గితే ఒంటివేడి పెరిగి ప్రాణంమీదికి వస్తుంది. అందుకే ఇప్పుడు ఆటగాళ్ళను ఎండకు కొద్దికొద్దిగా అలవాటు చేస్తారు, మాటిమాటికీ నీళ్ళిస్తారు.

డ్రిల్లులో దాహమన్న పిల్లవాణ్ణి, “గంట కొట్టాక తాగుదువుగాని” అని నేనూ ఆపినవాణ్ణే. అది నా తప్పు. మీరు మాత్రం దాహమైతే అడగటానికి సిగ్గుపడకండి.