పేరు అద్దెకిచ్చే ముందు



ఈసారి ఉత్తరాల్లో ఒకటి గుంటూరు నుంచి, పచ్చళ్ల వ్యాపారం చేసే ఒకావిడ రాసింది. డాలస్‌లో ఉన్న దూరపు బంధువు “పిన్నీ, మీ పేరు పెట్టుకుని మేమిక్కడ పచ్చళ్లు పట్టి అమ్ముతాం, ఏడాదికింతని ఇస్తాం” అన్నాడట. ఒప్పుకోవచ్చా అని అడిగారు.

ఒప్పుకోవచ్చు. లైసెన్సంటే పేరు అద్దెకివ్వడమే. అద్దెకివ్వాలంటే మాత్రం ముందు ఇల్లు మనదై ఉండాలి. ఆవిడ పేరుకి రిజిస్ట్రేషన్ లేదు, ఇరవై ఏళ్లుగా సీసాల మీద ఉంది కదా అన్న ధీమా ఉంది. వాడకం వల్ల కొంత హక్కు వస్తుంది, నిజమే. కానీ గొడవొచ్చిన రోజున ఆ ఇరవై ఏళ్లనీ పాత బిల్లులతో, లేబుళ్లతో నిరూపించుకోవాలి. అంతకన్నా ట్రేడ్‌మార్క్ తీసుకోవడం సులువు. ట్రేడ్‌మార్క్ సరుకుల జాబితాలో పచ్చళ్లది 29వ తరగతి. ఆన్‌లైన్‌లో పెడితే వ్యక్తులకీ చిన్న సంస్థలకీ తరగతికి రూ.4,500 రుసుము. మన రెండు రాష్ట్రాల దరఖాస్తులూ చెన్నై కార్యాలయం కిందికొస్తాయి. పదేళ్లకోసారి పొడిగించుకుంటూ పోవచ్చు. ‘కారం ఆవకాయ’ లాంటి పేరు అడిగితే ఇవ్వరు, అది సరుకు పేరే కాబట్టి.

అసలు చిక్కు డాలస్‌తో. ఇక్కడి రిజిస్ట్రేషన్ ఇక్కడే చెల్లుతుంది, అమెరికాలో విడిగా తీసుకోవాలి. వేరే దేశాల్లో ట్రేడ్‌మార్క్ అడగడానికి వీలిచ్చే మాడ్రిడ్ ప్రోటోకాల్‌లో 2013 నుంచి మన దేశం ఉంది, కాబట్టి ఆ దరఖాస్తు గుంటూరులో కూర్చునే పంపచ్చు. అమ్మా, అది మీ పేరునే ఉండాలి. “నేనిక్కడున్నాగా, నా పేరున చేయిస్తాలే” అని అబ్బాయి ఎంత ప్రేమగా అన్నా సరే.

లేబుల్ మీది జాడీ బొమ్మ సంగతి వేరు, అది కాపీరైట్. గీసిన కుర్రాడికి డబ్బిచ్చేశాం కదా అనుకుంటే ఒక్కోసారి సరిపోదు. హక్కులు రాసిచ్చినట్టు అతని సంతకంతో కాగితం ఉండాలి. ఆ కాగితంలో గడువు రాయకపోతే అయిదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ 1957 నాటి చట్టమే లెక్కేసుకుంటుంది. ఆ బొమ్మని డాలస్ వాళ్లకి అద్దెకిచ్చే కాగితానికీ ఇదే వర్తిస్తుంది.

ఇక ఆవకాయ పాళ్లు. వాటికి పేటెంటేమీ రాదు, అమ్మమ్మల నాటివి. గుట్టుగా ఉంచుకోవడమే రక్షణ. నా సలహా అడిగితే పాళ్లు చెప్పకండి. కారం, ఆవపిండి, ఉప్పు, మెంతులు మీ ఇంట్లోనే కలిపి, ఆ పొడి ప్యాకెట్లుగా పంపండి. ముక్కలు కొట్టుకోవడం, నూనె పోసుకోవడం వాళ్ల వంతు. నమూనా సీసాలు తెప్పించుకుని రుచి చూసే హక్కు, నచ్చకపోతే లైసెన్సు రద్దుచేసే హక్కు ఒప్పందంలో రాయించుకోండి. అక్కడ జాడీకి బూజు పడితే తిట్లు మీ పేరుకే.

ఒక్క మాట ఆత్రేయపురం వాళ్లకి. పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు ఊరందరిదీ, చట్టప్రకారం దాన్ని లైసెన్సుకివ్వడం కుదరదు. మీ దుకాణం పేరైతే ఇచ్చుకోవచ్చు.

ఈ ఆదివారం మీ సీసానో, పెట్టెనో ముందు పెట్టుకుని, దాని మీది పేరు ఎవరి పేరున నమోదైందో ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో వెతకండి. డబ్బులక్కర్లేదు. ఏం కనబడిందో నాకు రాయండి.